అమ్మమ్మ మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కుడితే: వలస వెళ్లినవాళ్ల ఆర్ట్‌లో భాష చేసే పని

పోయిన డిసెంబర్లో మా అక్క కూతురు న్యూజెర్సీ నుంచి వచ్చి గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మ దగ్గర రెండు వారాలుంది. అక్కడ కాలేజీలో ఆర్ట్ చదువుతోంది. వచ్చిన మూడో రోజు సూట్‌కేస్ అడుగు నుంచి ఒక గుడ్డ తీసి మంచం మీద పరిచింది. మంగళగిరి నేత, తెల్లది, నిజాం బోర్డర్, ఎప్పుడో పరికిణీ కుట్టించుకోమని మా అమ్మ పంపిన తానులో మిగిలిన ముక్క. దాని మీద ఎర్ర దారంతో గొలుసుకుట్టు, వరసలు వరసలుగా ఇంగ్లిష్ అక్షరాలు. దూరం నుంచి చూస్తే ఏదో డిజైన్ లాగే ఉంది, దగ్గరికెళ్లి చదివితే "తిన్నావా" అని ఉంది, దాని పక్కన "ఏం తిన్నావు, ఆ బ్రెడ్డు ముక్కలేనా", కింద "చలికి తలకేమన్నా కట్టుకో". అవన్నీ మా అమ్మ ఏడాది పొడుగునా వాట్సాప్‌లో పంపిన వాయిస్ మెసేజ్‌లు, ఈ పిల్ల విని, తనకి వినిపించినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని కుట్టింది.

మా అమ్మకి తెలుగు పత్రిక మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివే అలవాటు, ఇంగ్లిష్ అక్షరాలు మాత్రం రావు. గుడ్డని చేత్తో తడిమి "కుట్టు బాగా వచ్చిందే, ఏం పువ్వులివి" అంది. తన మాటల్ని తనే చదవలేకపోయింది. అక్కడ క్లాసులో పిల్లలకేమో అక్షరాలన్నీ తెలుసు, కూడబలుక్కుని పైకి చదివారంట కూడా, ఒక్క ముక్క అర్థం కాలేదు. అంటే ఆ గుడ్డని పూర్తిగా చదవగలిగేది తెలుగు చెవి ఉండి ఇంగ్లిష్ అక్షరాలు వచ్చినవాళ్లే, వాట్సాప్‌లో తెలుగుని ఇంగ్లిష్‌లో కొట్టే మనబోటివాళ్లు. చెప్పిన మనిషికీ అందలేదు, చూసిన మనిషికీ అందలేదు, మధ్యలో నిలబడ్డవాళ్లకే అందింది.

నాకు అప్పటి నుంచి ఈ విషయం వదల్లేదు. ఎందుకంటే విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఏ నలుగురు కలిసినా వలస గురించే మాట, 2025 సెప్టెంబర్లో అమెరికా కొత్త హెచ్-1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు పెట్టిన దగ్గర్నుంచి మరీ ఎక్కువైంది. వీసా, జీతం, గ్రీన్ కార్డు అన్నీ మాట్లాడుకుంటాం. వెళ్లినవాళ్ల నోట్లో భాష ఏమవుతుంది, వాళ్ల పిల్లలు "మాది గుంటూరు" అన్నప్పుడు దానికర్థం ఏంటి అన్నది మాత్రం పెద్దగా మాట్లాడుకోం. ప్రపంచంలో చాలామంది ఆర్టిస్టులు ముప్పై నలభై ఏళ్లుగా సరిగ్గా దీని మీదే పనిచేస్తున్నారు, అయితే ఆ బొమ్మలు చూసినప్పుడు చాలామందికి "ఇదేం ఆర్టు" అనిపిస్తుంది. అందుకే మొదట్నుంచీ వస్తాను.

వలస, ప్రవాసం, డయాస్పోరా: మాటల మధ్య తేడా ఎక్కడుంది

వలస అంటే ఉన్న చోటు వదిలి బతుకు కోసం ఇంకో చోటుకి పోవడం. పాలమూరు కూలీ అయినా, డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అయినా ఒకే మాట వర్తిస్తుంది, కానీ మనం రెండోవాళ్లని వలసకూలీ అనం, ఎన్నారై అంటాం. ఆ మాటలోనే డబ్బు తేడా కనపడుతుంది. శరణార్థి అంటే తప్పనిసరై ప్రాణభయంతో వెళ్లినవాళ్లు, వాళ్లకి తిరిగి రావడం చేతిలో ఉండదు. డయాస్పోరా అంటే ఒక చోటు నుంచి వెళ్లి తరాల తరబడి వేరే దేశాల్లో ఉంటూ కూడా "మాది ఫలానా" అనే స్పృహ పోగొట్టుకోని జనం. మారిషస్ తెలుగువాళ్లు దీనికి మంచి ఉదాహరణ, వాళ్ల పూర్వీకులు పందొమ్మిదో శతాబ్దంలో చెరుకు తోటల్లో పనికి వెళ్లారు, ఇవాళ్టికీ అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు. బ్రిటిష్ వాళ్ల కాలంలో కోస్తా నుంచి ఓడెక్కి రంగూన్ పోయినవాళ్లున్నారు, మన పెద్దవాళ్లు దాన్ని "రంగం" అనేవాళ్లు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లందరికీ "కోరంగీలు" అని పేరు పడిపోయింది. మనుషుల్ని వాళ్లెక్కిన రేవు పేరుతో పిలవడం, అదీ మన వలస చరిత్ర.

దేశం దాటితేనే వలసా అంటే అదీ కాదు. అమెరికాలో జేకబ్ లారెన్స్ అని నల్లజాతి చిత్రకారుడు 1940-41లో 60 చిన్న చిన్న బొమ్మలు వేశాడు. దక్షిణాది పత్తి చేల నుంచి లక్షల మంది నల్లవాళ్లు ఉత్తరాది ఊళ్లకి వెళ్లిపోవడం ఆ బొమ్మల కథ. మొదటి బొమ్మలో రైల్వే స్టేషన్, షికాగో, న్యూయార్క్, సెయింట్ లూయిస్ అని రాసున్న గేట్ల వైపు తోసుకుంటున్న జనం. దేశం ఒకటే, భాష ఒకటే, అయినా అది వలసే. సంక్రాంతి అయిపోయిన మర్నాడు విజయవాడ జంక్షన్‌లో హైదరాబాద్ బళ్ల దగ్గర నిలబడి చూసినవాళ్లకి ఆ బొమ్మ విడిగా విప్పి చెప్పక్కర్లేదు.

ఇంక "సర్దుకుపోవడం" సంగతి. జాన్ బెర్రీ అనే సైకాలజిస్ట్ దీన్ని నాలుగు రకాలుగా విడదీశాడు, నేను దాన్ని గోంగూరతో చెప్తాను. గుంటూరు కుర్రాడు ఒకడు వేరే దేశం వెళ్లి ఇంట్లో గోంగూర వండడం మానేసి, పిల్లలతో ఇంగ్లిషే మాట్లాడుతూ పూర్తిగా అక్కడి మనిషైపోయాడనుకోండి, అది కలిసిపోవడం. ఇంకొకడు పదేళ్లున్నా తెలుగువాళ్లతోనే తిరిగి, తెలుగు కొట్లోనే సరుకులు కొని, పక్కింటివాళ్ల పేరు కూడా తెలీకుండా బతికాడు, అది విడిగా ఉండిపోవడం. మూడోవాడు పెరట్లో గోంగూర మొక్కలు వేసి ఆ ఆకు పక్కింటివాళ్లకీ ఇచ్చి, వాళ్ల దగ్గర కేకు చెయ్యడం నేర్చుకున్నాడు, అది రెండూ పట్టుకోవడం. నాలుగోవాడికి ఇక్కడిదీ పోయింది, అక్కడిదీ అబ్బలేదు, ఎటూ కాకుండా మిగిలాడు. బెర్రీ లెక్కకి మూడోది మేలు. కానీ నిజంగా బతికే మనిషి ఒకే రోజులో నాలుగూ అవుతాడు, ఆఫీసులో మొదటిది, గుళ్లో రెండోది, పిల్లల బర్త్‌డే పార్టీలో మూడోది, రాత్రి రెండింటికి నిద్ర పట్టనప్పుడు నాలుగోది. ఆర్టిస్టులు పట్టుకునేది ఈ మారడాన్నే.

అక్షరం బొమ్మలోకి వచ్చినప్పుడు ఎవరు చదవగలరు

ఈ తరహా బొమ్మల్లో ఎక్కువసార్లు కనపడేది రాత. ఉత్తరాలు, అక్షరాలు, చేతిరాత. ఊరికే అందానికి పెట్టరు, చూసేవాళ్లని రెండు జట్లుగా విడగొట్టడానికి పెడతారు, చదవగలిగినవాళ్లు, చదవలేనివాళ్లు.

షూ బింగ్ అని చైనా ఆర్టిస్టు ఉన్నాడు. 1987 నుంచి నాలుగేళ్లు కూర్చుని దాదాపు 4,000 అక్షరాలు చెక్క మీద చెక్కి పుస్తకాలు అచ్చేశాడు, చూస్తే అచ్చం పాతకాలం చైనా గ్రంథం, కానీ అందులో ఒక్కటి కూడా నిజమైన అక్షరం కాదు, అన్నీ తను కల్పించినవే. చైనావాళ్లు దగ్గరికొచ్చి చదవబోయి చదవలేక ఆగిపోయేవాళ్లు, సొంత భాష ముందు చదువురానివాళ్లై నిలబడాల్సి వచ్చింది. 1990లో ఆయన అమెరికా వెళ్లాడు. తర్వాత కొన్నేళ్లకి దీన్ని తిరగేశాడు, ఇంగ్లిష్ మాటల్నే తీసుకుని ఒక్కో మాటలోని అక్షరాల్ని ఒక చదరంలో చైనా అక్షరంలా కనపడేటట్టు కుంచెతో పేర్చాడు. అమెరికన్ చూసి "చైనీస్, నాకు రాదు" అనుకుంటాడు, రెండు నిమిషాలు చూస్తే అది తన భాషే అని తెలుస్తుంది. చైనా మనిషి చూసి తన భాషే అనుకుంటాడు, చదవబోతే రాదు. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇంగ్లిష్ అక్షరాలకి తలకట్లు, కొమ్ములు, వట్రసుడులు పెట్టి రాస్తే మా అమ్మ ఇది తెలుగే కదా అని కళ్లజోడు వెతుక్కుంటుంది చూడండి, అదీ. పైగా ఆయన దాన్ని గోడకి పెట్టి ఊరుకోలేదు, బల్లలు, కుంచెలు, కాపీ పుస్తకాలు పెట్టి తరగతిలా తయారుచేశాడు, వచ్చినవాళ్లు కూర్చుని దిద్దాలి. కొత్త దేశంలో దిగినవాడు పెద్దవయసులో మళ్లీ ఓనమాలు దిద్దుకోవడం ఎలా ఉంటుందో వాళ్ల చేతికే తెలిసొచ్చేటట్టు చేశాడు.

షిరీన్ నెషాత్‌ది ఇంకో కథ. ఇరాన్‌లో 1957లో పుట్టి, చదువుకని అమెరికా వెళ్తే వెనక 1979 విప్లవం వచ్చింది, మళ్లీ 1990లో గానీ సొంత దేశం చూడలేదు. తర్వాత 1993 నుంచి 97 దాకా ఆడవాళ్ల ఫొటోల సిరీస్ చేసింది, మొహాల మీద, అరచేతుల మీద, పాదాల మీద పర్షియన్ అక్షరాలు. అమెరికాలో, యూరప్‌లో చాలామంది ఆ రాత చూసి ఖురాన్ వాక్యాలేమో అనుకున్నారు. అవి ఇరాన్ ఆధునిక కవయిత్రుల కవితలు, ఫొరూగ్ ఫరోఖ్‌జాద్ లాంటి వాళ్లవి. చదవడం రానివాళ్లకి అది మతం, చదవడం వచ్చినవాళ్లకి అది ఒక ఆడమనిషి గొంతు. ఒకే బొమ్మ, రెండు విరుద్ధమైన అర్థాలు, తేడా అంతా చూసేవాళ్ల చదువులో ఉంది. ఈవిడ మీద విమర్శ కూడా ఉంది, అక్షరాలకి అర్థం రాయకుండా వదిలేస్తే పాశ్చాత్యుల అపోహే బలపడుతుంది కదా అని. నా మట్టుకు నాకు ఆ విమర్శలో కొంత న్యాయం ఉందనిపిస్తుంది, అయితే ప్రతి మాట పక్కనా అనువాదం పెట్టి చేతులు కట్టుకుని నిలబడాల్సిన బాధ్యత ఎప్పుడూ వలస వచ్చినవాళ్లదే ఎందుకవ్వాలి అన్న ప్రశ్న కూడా అంతే బలంగా ఉంది.

మోనా హతూమ్ ఆ అనువాదాన్నే వస్తువు చేసుకుంది. పాలస్తీనా కుటుంబం, బీరూట్‌లో పుట్టింది, 1975లో లండన్ వెళ్తే లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలై అక్కడే చిక్కుకుపోయింది. 1988లో చేసిన వీడియో పావుగంట ఉంటుంది. అమ్మ రాసిన అరబిక్ ఉత్తరాల చేతిరాత తెర నిండా ముళ్లకంచెలా అడ్డంగా ఉంటుంది, దాని వెనక మసగ్గా అమ్మ ఫొటోలు, పైన మోనా గొంతు ఆ ఉత్తరాల్ని ఇంగ్లిష్‌లో చదువుతుంటుంది, వెనకాల తల్లీకూతుళ్లు అరబిక్‌లో నవ్వుతూ మాట్లాడుకోవడం వినపడుతుంది. ఇంగ్లిష్ మాత్రమే వచ్చినవాళ్లకి ఉత్తరం అర్థమవుతుంది, ఆ నవ్వెందుకో అర్థం కాదు. వీడియో కాల్‌లో అమ్మమ్మ ఏదో అంటే పిల్లకి తల్లి ఇంగ్లిష్‌లో చెప్పే ఇల్లు ఏదైనా సరే, ఇది రోజూ జరిగేదే.

మన దేశం నుంచి జరీనా హష్మి గురించి చెప్పకుండా ఉండలేను. 1937లో అలీగఢ్‌లో పుట్టింది, దేశవిభజన తర్వాత కొన్నేళ్లకి తల్లిదండ్రులు పాకిస్తాన్ వెళ్లిపోయారు, తను ఊరూరూ తిరిగి చివరికి న్యూయార్క్‌లో స్థిరపడింది, 2020లో లండన్‌లో పోయింది. 1999లో 36 చెక్క అచ్చుల వరస ఒకటి చేసింది, ఇల్లే పరాయి చోటు అని అర్థం వచ్చే పేరు. ఒక్కో కాగితం మీద నల్లటి గీతల్లో ఒక రూపం, దాని కింద ఒకే ఒక్క ఉర్దూ మాట. ఘర్, దర్వాజా, చౌఖట్. చౌఖట్ అంటే గడప. నాలుగు గీతలు తప్ప అక్కడేం ఉండదు, కానీ పసుపు రాసి బొట్టు పెట్టిన గడప తెలిసినవాళ్లకి ఆ మాట ఎంత బరువో తెలుస్తుంది. తన భాష చదివేవాళ్లు తన చుట్టూ తగ్గిపోతున్నారని తెలిసే ఆవిడ ఆ లిపి పట్టుకుంది. గుంటూరులో ఉర్దూ మీడియంలో చదువుకున్న మనిషి ఎవరైనా న్యూయార్క్ మ్యూజియంలో ఆ గోడ ముందు నిలబడితే, పక్కనున్న ప్రొఫెసర్ కంటే ముందు చదివేస్తాడు.

గుడ్డతో కట్టిన ఇల్లు, ఆగిపోయిన గడియారం

భాష తర్వాత ఎక్కువగా వచ్చేది ఇల్లు. కొరియా నుంచి అమెరికా వెళ్లిన డో హో సూ అనే ఆయన సియోల్‌లో తను పెరిగిన పెంకుటింటిని 1999లో పల్చటి పట్టుగుడ్డతో అదే కొలతల్లో కుట్టించాడు. కప్పు నుంచి వేలాడుతుంది, లోపల్నుంచి అవతలి వైపు కనపడుతుంది, మడిస్తే సూట్‌కేస్‌లో పడుతుంది. ఏ ఊళ్లో ప్రదర్శన పెడితే ఆ ఊరి పేరు కూడా దాని పేరుకి తగిలిస్తూ పోయాడు, మనిషికి వీసా స్టాంపులు పడ్డట్టు.

ఇందులో చిక్కొకటుంది, దాన్ని మనం ఈ ఒడ్డు నుంచి చూస్తాం కాబట్టి మనకే బాగా కనపడుతుంది. వెళ్లినవాళ్లు గీసే ఇల్లు వాళ్లు వెళ్లిన రోజు ఉన్న ఇల్లు. మా అక్క ఫోన్లో ఇప్పటికీ "వెనక వరండాలో పడుకుంటే" అంటుంది, ఆ వరండా పోయి ఎనిమిదేళ్లైంది, మొత్తం పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు, అమ్మ ఇప్పుడు మూడో అంతస్తులో ఉంటోంది. అక్క కూతురు చిన్నప్పుడు గీసిన అమ్మమ్మ ఇంటి బొమ్మలో బావి ఉంది, ఆ బావిని పిల్ల ఎప్పుడూ చూళ్లేదు, వాళ్లమ్మ చెప్తే విని గీసింది. ఇది అబద్ధమా అంటే కాదు. అది అక్క మనసులో ఉన్న ఊరు, దానికి అదే నిజం. కానీ ఆ బొమ్మ చూసి ఇంకెవరైనా గుంటూరంటే ఇదీ అనుకుంటే మాత్రం గొడవే.

భాషకీ ఇదే జరుగుతుంది. వెళ్లినవాళ్లు పట్టుకెళ్లిన తెలుగు అక్కడ కదలకుండా ఉండిపోతుంది, ఇక్కడ తెలుగు మారిపోతూ ఉంటుంది, అందుకే ఒక్కోసారి వాళ్ల పిల్లలు "అంగడి" అంటే మన పిల్లలు "షాప్" అంటారు, ఎవరు ప్రవాసంలో ఉన్నారో అర్థం కాదు. జమైకా నుంచి 1951లో ఇంగ్లండ్ చదువుకెళ్లి అక్కడే ఉండిపోయిన స్టువర్ట్ హాల్ అనే పండితుడు ఐడెంటిటీ గురించి ముఖ్యమైన మాట చెప్పాడు. అది ఎక్కడో వెనక భద్రంగా దాచి ఉంచిన వస్తువు కాదు, ఎప్పటికప్పుడు తయారవుతూ ఉండేది అని. దీన్ని గుర్తుపెట్టుకుంటే చాలా బొమ్మలు తేలిగ్గా అర్థమవుతాయి.

అందరూ ఇదే గీయాలా: ఒప్పుకునేవాళ్లు, ఒప్పుకోనివాళ్లు

అసలు వాదన ఇక్కడుంది. వలస వెళ్లిన ఆర్టిస్టు తన మూలాల గురించే చెప్పాలని ఉందా?

చెప్పాలి అనేవాళ్ల మాట ఏంటంటే, పెద్ద మ్యూజియంల గోడల మీద ఇన్నేళ్లూ ఒక జాతి కథే ఉంది, మిగతావాళ్లు కనపడాలంటే తమ కథ తామే చెప్పుకోవాలి, లేకపోతే ఇంకెవరో తప్పుగా చెప్తారు. తెలుగు అమ్మాయి తెలుగు మాటని గోడకెక్కిస్తే, ఆ గోడ ముందుకొచ్చిన ఇంకో తెలుగు పిల్లకి తను ఒంటరి కాదని తెలుస్తుంది. ఇది చిన్న సంగతి కాదు, పేరు సరిగ్గా పలకలేని క్లాసుల్లో పెరిగిన పిల్లలకి మరీను.

ఒప్పుకోనివాళ్లు అడిగేది కూడా తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. న్యూయార్క్‌లో పుట్టిన తెల్ల ఆర్టిస్టు ఒక నీలం చదరం వేస్తే అది "ఆర్ట్", మన మనిషి అదే వేస్తే "ఇందులో మీ సంస్కృతి ఎక్కడుంది" అంటారు. చీర, కుంకుమ, అమ్మమ్మ ఉంటేనే లోపలికి రానిస్తే అది గౌరవమా, గేటు దగ్గర అడిగే ఇంకో రకం పాస్‌పోర్టా? మన తెలుగువాళ్లలోనే చూడండి, చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లో చదివి, ప్యారిస్‌లో ఆటెలియే 17 అనే పేరున్న ప్రింట్ స్టూడియోలో ఏళ్ల తరబడి పనిచేసి, తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. ఒకే రేకు మీద చిక్కదనం వేరువేరుగా ఉన్న రంగులు పూసి ఒకేసారి అచ్చు తీసే పద్ధతిని తయారుచేసినవాళ్లలో ఆయన ముఖ్యుడు. జరీనా కూడా ఆ స్టూడియోలోనే నేర్చుకుంది. కృష్ణారెడ్డి అచ్చుల్లో నీళ్లు, అలలు, విత్తనం, పువ్వు ఉంటాయి, "తెలుగు" అని గుర్తుపట్టేది వెతికినా దొరకదు. మన గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు 1960ల్లో లండన్ స్లేడ్ స్కూల్‌కి వెళ్లి ఆ తర్వాత అమెరికాలో స్థిరపడి నైరూప్య చిత్రాలే వేశారు. వీళ్లు మూలాలు మర్చిపోయారనాలా? మర్చిపోలేదు, దాన్ని చూపించుకోవాల్సిన అవసరం లేదనుకున్నారు. అదీ ఒక రకం స్వేచ్ఛే.

చిత్రకారుడు ఎస్.హెచ్. రజాది మధ్యదారి. 1950లో ఫ్రాన్స్ వెళ్లాడు, అరవై ఏళ్లున్నాడు, ముందు అక్కడి ఊళ్లూ కొండలూ వేశాడు, తర్వాత ఒక నల్లటి బిందువు దగ్గరికొచ్చి ఆగాడు. 1981లో వేసిన "మా" అనే పెద్ద బొమ్మ మీద ఒక హిందీ కవితా వాక్యం దేవనాగరిలో రాశాడు, అమ్మా, తిరిగొచ్చేటప్పుడు ఏం తెస్తాను అని. ప్యారిస్‌లో ఉన్నవాళ్లలో ఎంతమంది చదవగలరు? ఆయన వాళ్ల కోసం రాయలేదు. 2010లో ఢిల్లీ వచ్చేశాడు, 2016లో పోయాక ఆయన కోరిక ప్రకారం మధ్యప్రదేశ్‌లో మండ్లాలో తండ్రి పక్కన ఖననం చేశారు.

మూడో వాదన మన ఊళ్లలో వినపడేది. అక్కడ హాయిగా ఉంటూ ఇక్కడి మట్టిని అమ్ముకుంటున్నారు అని. విజయవాడలో ఒక ఆర్ట్ టీచర్‌గారు నాతో ఈ మాట చాలా బాధగా అన్నారు, ఇక్కడ పిల్లలకి మంచి కాగితం, రంగులు కొనివ్వలేక అవస్థ పడుతుంటే, అక్కడ అదే ముగ్గు వేసినవాళ్లకి గ్రాంటు వస్తుందమ్మా అని. ఆ బాధ నిజం. అవకాశాల్లో తేడా ఉంది, కానీ దూరం నుంచి చూసే ముగ్గూ రోజూ వాకిట్లో వేసే ముగ్గూ ఒకటే విషయం చెప్పవు కాబట్టి, ఒకదాని ఉనికి వల్ల ఇంకోటి దొంగతనం అయిపోదు. ఈ మూడు వాదనల్లో ఏదో ఒకటి గెలిచేది కాదు, బొమ్మ బొమ్మకీ విడిగా చూసుకోవాల్సిందే.

మనుషుల కంటే ముందు వలస వెళ్లిన గుడ్డ, రాయి

సర్దుబాటు అనేది మన ప్రాంతంలో కొత్త కాదు. పెడన, మచిలీపట్నం కలంకారీ చూడండి. ఆ పేరే పర్షియన్, కలం అంటే కలమే, కారీ అంటే పని. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవు నుంచి ఇరాన్‌కి వెళ్లే గుడ్డ మీద వాళ్లకి నచ్చే సరుగు లాంటి సైప్రస్ చెట్లు, మసీదు గోడల్లో ఉండే మిహ్రాబ్ వంపులు అచ్చేసేవాళ్లు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిష్‌వాళ్లు బందరులో దిగాక వాళ్ల ఇళ్లకి కావాల్సిన పూలచెట్ల డిజైన్లు వచ్చాయి. కరక్కాయ, పాలు, చాయవేరు ఎరుపు, నీలిమందు అన్నీ ఇక్కడివే, బొమ్మ మాత్రం కొనేవాడి కంటికి తగ్గట్టు మారింది. యూరప్‌లో ఈ గుడ్డకి ఎంత గిరాకీ వచ్చిందంటే అక్కడి నేతవాళ్లు గోల పెడితే ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1700లో చట్టం చేసి ఆపేశాయి, 1721లో ఇంగ్లండ్ ఇంకా గట్టిగా బిగించింది. లక్ష డాలర్ల ఫీజు వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఇదే. ఇవాళ మనం అచ్చమైన ఆంధ్రా డిజైన్ అని మురిసిపోయే వంపుల్లో సగం ఇరాన్ కోసం వేసినవి, అయినా మనవే.

యింకా షోనిబారే అనే ఆర్టిస్టు పనంతా ఈ పాయింట్ మీదే నిలబడింది. లండన్‌లో పుట్టి నైజీరియాలో పెరిగిన ఆయన, ఆఫ్రికా గుడ్డ అని అందరూ అనుకునే రంగురంగుల గుడ్డతో పాతకాలం ఇంగ్లిష్ దొరల బట్టలు కుట్టి బొమ్మలకి తొడుగుతాడు. ఆ గుడ్డ మొదట ఇండోనేషియా బాతిక్‌ని చూసి డచ్చివాళ్లు మిల్లులో తయారుచేసింది, ఆఫ్రికాలో అమ్ముడుపోయింది, ఆఫ్రికాదై కూర్చుంది. అసలుది ఎవరిది అని అడిగితే తల తిరుగుతుంది, అదే ఆయనకి కావాల్సింది.

రాళ్ల సంగతి ఇంకా దగ్గరిది. అమరావతి స్తూపం దిబ్బని ఊళ్లోవాళ్లు దీపాలదిన్నె అనేవాళ్లు. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ 1797లో మొదటిసారి చూశాడు, 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు వెళ్లాయి, అక్కణ్నుంచి 1859లో లండన్ చేరాయి, 1880లో బ్రిటిష్ మ్యూజియంకి. పల్నాటి సున్నపురాయి అది, అక్కడికి వెళ్లాక పాలరాయి అన్నారు, కొన్నాళ్లు "ఎలియట్ మార్బుల్స్" అని ఆ దొర పేరే పెట్టేశారు. శ్రీనివాసరావు అక్కడికెళ్లి శ్రీని అయినట్టు. తేడా ఏంటంటే శ్రీనివాసరావు టికెట్ తనే కొనుక్కున్నాడు.

మన మధ్యనే ఉన్న వలస కళ

అమెరికాలో తెలుగు మాట్లాడేవాళ్లు 2010 నుంచి 2017 మధ్య 86 శాతం పెరిగారని సెన్సస్ లెక్కల్ని బట్టి వార్తలొచ్చాయి, అక్కడ అంత వేగంగా పెరిగిన భాష ఇంకోటి లేదన్నారు. మనం గర్వపడ్డాం, పడాల్సిందే. కానీ మన దగ్గరికి వచ్చినవాళ్లని మనం ఎలా చూశాం అన్నది కూడా ఈ కథలోదే. విజయవాడ వన్‌టౌన్‌లో మార్వాడీ కొట్టతను మనకంటే చక్కగా బెజవాడ తెలుగు మాట్లాడి, ఫోన్ రాగానే వేరే భాషలోకి దూకుతాడు. ఆ దూకడం మధ్యలో ఏముందో గీసిన బొమ్మ నేనింకా చూళ్లేదు, చూడాలనుంది.

మాచర్ల వైపు తండాల్లో లంబాడీ ఆడవాళ్లు కుట్టే అద్దాల కుట్టుని ఈ వ్యాసంలో మిగతావాటి పక్కన పెట్టి చూడండి. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని వాయవ్యం నుంచి దక్కన్‌కి తరాల కిందట దిగినవాళ్లు, గవ్వలు, నాణేలు, అద్దాలు గుడ్డ మీద కుట్టుకుని ఇల్లంతా ఒంటి మీదే వేసుకుని నడిచినవాళ్లు. వాళ్ల భాష గోర్ బోలీకి సొంత లిపి లేదు, ఇక్కడివాళ్లు రాయాలంటే తెలుగు అక్షరాల్లో రాసుకుంటారు. అంటే మా పిల్ల మంగళగిరి గుడ్డ మీద ఏం చేసిందో వాళ్లు నోట్‌బుక్‌లో ఎప్పట్నుంచో అదే చేస్తున్నారు, నోటిది ఒక భాష, చేతిది ఇంకొకరి అక్షరం. ఇప్పటి అమ్మాయిలు ఆ బట్టలు పండక్కి తప్ప కట్టట్లేదు, కుట్టు మాత్రం కుషన్ కవర్లుగా, హ్యాండ్‌బ్యాగులుగా ఎగ్జిబిషన్లకి వస్తోంది. కొన్నవాళ్లకి అది డిజైన్. కుట్టిన ముసలమ్మకి ఏ గవ్వ ఎక్కడెందుకు పెట్టాలో తెలుసు, మనం అడగం.

మళ్లీ బ్రాడీపేటకొస్తే, పిల్ల ఆ గుడ్డని అమ్మకి పైకి చదివి వినిపించింది. ఇంగ్లిష్ అక్షరాల్లో పాలు అని రాసినా పలు అని రాసినా ఒకేలా ఉంటుంది, పళ్లు అన్నా దాదాపు అంతే, అందుకని చదివేటప్పుడు పిల్ల నోట్లో పాలు పలు అయిపోయాయి, అమ్మ నాలుగుసార్లు సరిచేసింది. చివరికి "వీటి కింద తెలుగులో కూడా కుట్టవే, నేను చదువుకుంటా" అంది. పిల్ల చాలాసేపు ఏం మాట్లాడలేదు. తెలుగు అక్షరం పెడితే అమ్మమ్మకి అందుతుంది, కానీ తను చూపించాలనుకున్న ఆ అందకపోవడమే అందులోంచి పోతుంది, రెండూ ఒకే గుడ్డ మీద కుదరవని నాతో రాత్రి అంది.

వెళ్లే ముందు రోజు అమ్మ క్యాలెండర్ కాగితం చింపి, వెనక వైపు ఆ మాటలన్నీ తన చేత్తో గొలుసుకట్టు రాతలో రాసిచ్చింది. గుడ్డ అలాగే ఉంది, కుట్టు ముట్టుకోలేదు. ఆ కాగితం కొత్తగా ఇంకో గుడ్డ మీద అచ్చంగా దించడం మొదలుపెట్టిందంట, తనకి చదవడం రాదు కాబట్టి గీతని గీతలాగే చూసి కుడుతోంది, మధ్యమధ్యలో నాకు ఫొటో పెట్టి అడుగుతోంది, "పిన్నీ, ఇది ళ నా, శ నా? ఈ తోక అక్షరంలోదా, అమ్మమ్మ చెయ్యి వణికిందా?"